రెండు సాయంత్రాల డిజిటల్–ప్రత్యక్ష కళోత్సవం: తిరుపతి, చిత్తూరు నిర్వాహకులకు మార్గదర్శిని

యంత్రాన్ని, ప్రత్యక్ష ప్రదర్శనను ఒకే వేదిక మీదికి తెచ్చే ప్రయత్నాలు కొత్తవి కావు. 1966 అక్టోబరులో న్యూయార్క్‌లో పదిమంది కళాకారులు, టెలిఫోన్ సంస్థ పరిశోధనశాల అయిన బెల్ ల్యాబొరేటరీస్‌కు చెందిన ముప్పై మంది దాకా ఇంజినీర్లు కలిసి ఒక సైనిక దళానికి చెందిన విశాలమైన హాలులో తొమ్మిది సాయంత్రాలు ప్రదర్శనలిచ్చారు. ఆస్ట్రియాలోని లింజ్ నగరంలో కళను, సాంకేతికతను కలిపే ఆర్స్ ఎలక్ట్రానికా ఉత్సవం 1979లో మొదలైంది. మన దేశంలో కొచ్చి–ముజిరిస్ బినాలే అనే కళాప్రదర్శన 2012 డిసెంబరు 12న ఆరంభమై, పాత గిడ్డంగులనే ప్రదర్శనశాలలుగా మార్చుకుంది. గోవాలోని పణజిలో సెరెండిపిటీ ఆర్ట్స్ ఫెస్టివల్ 2016 నుంచి నడుస్తున్నది. ఇవన్నీ పెద్ద నిధులతో, పెద్ద సిబ్బందితో జరిగే ఉత్సవాలు. తిరుపతిలోనో చిత్తూరులోనో ఒక కళాశాల, ఒక సాంస్కృతిక సంఘం, మరికొందరు ఉత్సాహవంతులు కలిసి మూడు నాలుగు కృతులతో (అంటే ప్రదర్శించే కళాఖండాలతో) రెండు సాయంత్రాల ఉత్సవం చేయదలచుకుంటే ఏ పని ముందు, ఏ పని తరువాత అన్నది ఇక్కడ చెప్పదలచుకున్నాను.

ఇలాంటి ఉత్సవానికి మన ప్రాంతంలో ప్రేక్షకులు దొరుకుతారా అన్న సందేహం పెట్టుకోనక్కరలేదు. చిత్తూరు పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుడుల దగ్గర జరిగే భారతం ఉత్సవంలో పగలు హరికథ, రాత్రి వీధి నాటకం రోజుల తరబడి సాగుతాయి. అర్జునుడి వేషగాడు తపసు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కే రోజున ఊరంతా తలలెత్తి నిలబడుతుంది. చివరి రోజున ఆరుబయట మట్టితో పోసిన దుర్యోధనుడి భారీ విగ్రహం చుట్టూ వధ ఘట్టం నడుస్తుంది. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతరలో చాటింపు వేసిన నాటి నుంచి రోజుకో వేషంతో జనమే పాత్రధారులై వీధుల్లో తిరుగుతారు. వేదిక ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియని ప్రదర్శనను చూడటం, అందులో కలిసిపోవడం ఈ జనానికి ఎవరూ నేర్పనక్కరలేదు. నేర్చుకోవలసింది నిర్వాహకులే.

తెరకు పని ఏమిటి?

ప్రొజెక్టర్ ఎంత పెద్దది, ఎల్‌ఈడీ గోడ ఎన్ని అడుగులు అన్న చర్చ మొదటి సమావేశంలో రానీయకూడదు. అంతకన్నా ముందు ప్రతి కృతి గురించీ రెండు ప్రశ్నలు వేయాలి. కరెంటు పోతే ఇందులో ఏం పోతుంది? కళాకారుడు రాకపోతే ఏం పోతుంది? మొదటి ప్రశ్నకు ‘ఏమీ పోదు’ అని జవాబు వస్తే అక్కడ తెర అలంకారం మాత్రమే. రెండో ప్రశ్నకు అదే జవాబు వస్తే అది వీడియో ప్రదర్శన, దాన్ని ఇంట్లో కూర్చుని చూసినా నష్టం లేదు. రెండిటికీ గట్టి జవాబు ఉన్న కృతినే ఎంచుకోవాలి. నాట్యం వెనుక తెరపై మేఘాలు, నక్షత్రాలు కదిలించడం ఇప్పుడు ప్రతి వార్షికోత్సవంలోనూ చూస్తున్నాం. నా దృష్టిలో అది నర్తకి ముఖం మీది నుంచి చూపును మళ్లించే పని తప్ప మరొకటి కాదు.

గట్టి జవాబు ఎలా ఉంటుందో చెప్పడానికి శ్రీకాళహస్తి కలంకారీ మంచి ఉదాహరణ. కలంకారీ చిత్రకారుడు పని చేసేటప్పుడు ఎదురుగా నలుగురికి మించి చూడలేరు, ఆ నలుగురికీ గీత పుట్టే క్షణం కనిపించదు. పాలు, కరక్కాయ రసంలో నానబెట్టి ఆరబెట్టిన బట్ట మీద వెదురు కలం పెట్టి, మొనకు కాస్త పైన చుట్టిన గుడ్డను వేళ్లతో అదిమితే బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టి తీసిన ద్రావకం మొనకు జారుతుంది. ఆ ద్రావకంలోని ఇనుము బట్టలోని కరక్కాయ వగరుతో కలిసినప్పుడు గీత నల్లబడుతుంది. పాలలోని కొవ్వు ఆ తడిని పక్కకు పాకనీయదు. దగ్గరి వస్తువులను తీసే మాక్రో లెన్సుతో ఒక కెమెరాను బట్టకు పైన బిగించి ఆ అంగుళం మేరను నాలుగు మీటర్ల వెడల్పున చూపిస్తే, నేత నూలు పోగుల మధ్య తడి ఎలా ఆగుతున్నదో, రంగు ఎలా ముదురుతున్నదో రెండు వందల మంది ఒకేసారి చూడగలరు. ఇక్కడ తెర తీసేస్తే ప్రదర్శన లేదు. చిత్రకారుడు లేకపోయినా లేదు.

దీనికి సాంకేతికంగా పెద్ద సన్నాహం అక్కరలేదు, కొద్దిపాటి జాగ్రత్త చాలు. కెమెరా నేరుగా పైన ఉంటే చిత్రకారుడి తల అడ్డువస్తుంది కాబట్టి అతడు కూర్చునే తీరు చూసి, అతడు ఏ చేత్తో గీస్తాడో దానికి ఎదుటి పక్కకు కెమెరాను కొద్దిగా వంచి పెట్టాలి. దీపాలు రెండు పక్కల నుంచీ ఏటవాలుగా పడాలి. ఒకే దీపం పెడితే చేతి నీడ గీత మీదే పడుతుంది, తడి బట్ట మెరిసి ఆ మేరకు బొమ్మ తెల్లబడుతుంది. కలం కదిలే చప్పుడు వినిపించాలంటే చిత్రకారుడి చొక్కాకు తగిలించే మైకు కన్నా బట్ట పరిచిన బల్లకు అతికించి, బల్ల కంపనాన్నే అందుకునే స్పర్శ మైకు మేలు. అన్నిటికన్నా ముఖ్యం, చిత్రకారుడిని మధ్యలో ఆపి వ్యాఖ్యానం చెప్పించకూడదు. ప్రశ్నలుంటే గీత ముగిశాక అడగవచ్చు.

తోలుబొమ్మలాట మరో దారి చూపుతుంది. తెర, వెలుగు, నీడ అన్నవి ఆ కళకు పుట్టుకతోనే ఉన్నాయి కాబట్టి దానికి మరో తెర తగిలించడం వ్యర్థం. బదులుగా ప్రేక్షకులను రెండు భాగాలు చేసి ఒక భాగాన్ని తెర ముందు, మరో భాగాన్ని బొమ్మలాడించేవారి వెనుక కూర్చోబెట్టి, సగం ఆటయ్యాక మార్చవచ్చు. ఇంటి నుంచి చూసేవారికి రెండు కెమెరాల్లో దేన్ని చూడాలో ఎంచుకునే వీలు ఇవ్వవచ్చు. దీపం విషయంలో కళాకారుల మాటే వినాలి. బొమ్మ తెరకు ఆనుకుని ఉన్నప్పుడు అంచు స్పష్టంగా ఉండి, దూరం జరిగే కొద్దీ మసకబారడం ఆటలో భాగమే. పొడవాటి ట్యూబులైటు పెడితే ఆ తేడా పాడవుతుంది, చిన్న గుండ్రటి దీపం పెడితే నిలుస్తుంది.

ఇంజినీరింగ్ సాయం కోసం దూరం వెళ్లనక్కరలేదు. ఏర్పేడు పక్కన ఐఐటీ, విజ్ఞానశాస్త్ర విద్యాసంస్థ ఐసర్ ఉన్నాయి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉన్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం ఆధ్వర్యంలో సంగీత నృత్య కళాశాల, సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థ ఉన్నాయి. చిత్రకారుడిని, విద్యార్థి ఇంజినీరును కనీసం మూడు నెలల ముందు పరిచయం చేయాలి. చివరి వారంలో కలిపితే ఇంజినీరు తనకు ముందే తెలిసిన పనిని తెచ్చి చిత్రకారుడి మీద రుద్దుతాడు.

దూరాన ఉన్న ప్రేక్షకుడు

ఉత్సవాన్ని ఆన్‌లైన్‌లో చూపించడం అంటే చాలామంది నిర్వాహకులు వెనుక వరుసలో ఒక కెమెరా నిలబెట్టి లైవ్ పెట్టడం అనుకుంటారు. అలా చూసేవాడికి దక్కేది ఇతరుల తలలు, దూరంగా ఒక వెలుతురు చతురస్రం. అంతకన్నా లైవ్ మానేసి, మంచి రికార్డింగు చేసి వారం తరువాత విడుదల చేయడం గౌరవం. లైవ్ పెట్టదలిస్తే మాత్రం దూరపు ప్రేక్షకుడికి ఇక్కడి ప్రేక్షకుడికి లేని చూపు, లేదా ఇక్కడి ప్రేక్షకుడు చేయలేని పని ఒకటి ఇవ్వాలి.

ఆ పనిని నిర్ణయించేది ఆలస్యం. యూట్యూబ్ లైవ్‌లో మామూలు అమరికతో వేదిక మీద జరిగింది ఇంట్లో కనిపించడానికి పదిహేను నుంచి ముప్పై సెకన్ల దాకా పడుతుంది. ఆలస్యాన్ని బాగా తగ్గించే అమరికలో కొన్ని సెకన్లకు దిగుతుంది కానీ నెట్ కాస్త తడబడినా బొమ్మ ఆగిపోతుంది. వీడియో సమావేశాల్లో సెకనులో కొద్ది భాగమే ఆలస్యం ఉన్నా, కలిసి పాడటానికి అదీ ఎక్కువే. ఇద్దరు సంగీతకారులు ఒకే తాళంలో నిలవాలంటే వారి మధ్య ఆలస్యం ఇంచుమించు ముప్పై మిల్లీసెకన్ల లోపు ఉండాలి. గాలిలో శబ్దం పది మీటర్లు సాగడానికి పట్టే సమయం అది. అందుకే తిరుపతిలో మృదంగం, బోస్టన్‌లో వయొలిన్ కలిపి కచేరీ అన్న ఆలోచనను మొదటి రోజే పక్కన పెట్టాలి. ఉపగ్రహం ద్వారా న్యూయార్క్‌ను, పారిస్‌ను కలిపి 1984 జనవరి 1న వీడియో కళాకారుడు నామ్ జూన్ పైక్ చేసిన ప్రసారానికి కూడా సాంకేతిక ఇక్కట్లు తప్పలేదు.

ఆలస్యం అడ్డురాని పనులు బోలెడున్నాయి. దూరాన ఉన్న మనవాళ్లను ముందే తమ ఇంటి జోలపాటలు, తమ వీధి చప్పుళ్లు వాయిస్ మెసేజ్‌లుగా పంపమని అడిగి, వాటిని హాలులో వేలాడదీసిన చిన్న స్పీకర్లలో వినిపించవచ్చు. ప్రేక్షకుడు ఒక్కో స్పీకరు కిందికి వెళ్లి చెవి పెట్టి వినాలి. వేదిక మీది కథకుడు ఒక ఘట్టం ముగించి పది నిమిషాల విరామం తీసుకుంటే, ఆ పది నిమిషాల్లో దూరపు ప్రేక్షకులు తరువాతి ఘట్టాన్ని ఎంచుకోవచ్చు. ఆ మధ్యలో ముప్పై సెకన్ల ఆలస్యం ఎవరికీ తెలియదు.

వచ్చిన సందేశాలను గోడ మీద ప్రదర్శించే ఆలోచన ఉంటే రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ప్రతి సందేశాన్నీ గోడకెక్కే ముందు ఒక మనిషి చదవాలి. తిరుపతి లాంటి ఊళ్లో ఒక్క అనుచితమైన వాక్యం గోడ మీద పది సెకన్లు నిలిచినా మర్నాటి ఉత్సవం ఉండదు. రెండోది, తెలుగు అక్షరాల కూర్పు. కొన్ని బొమ్మల సాఫ్ట్‌వేర్లు తెలుగు ఒత్తులను కలపలేక ‘శ్రీకాళహస్తి’ని ముక్కలుగా విరిచి, మధ్య మధ్య పొల్లులతో చూపిస్తాయి. బ్రౌజర్లు తెలుగును సరిగానే కూర్చుతాయి కాబట్టి సందేశాలను ఒక వెబ్ పేజీలో చూపించి, ఆ పేజీనే లైవ్ ప్రసారానికి వాడే ఓబీఎస్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లోకి బ్రౌజర్ సోర్స్‌గా తెచ్చుకోవడం తేలిక. ఏ అక్షరశైలి వాడినా ‘స్త్రీ’, ‘జ్యోత్స్న’, ‘రాష్ట్రం’ అన్న మూడు మాటలు గోడ మీద వేసి చూస్తే లోపం ఉంటే బయటపడుతుంది.

చోటు, కాలం

తేదీ ఎంపికలో వాన, వేడి, యాత్రికుల రద్దీ మూడింటినీ చూసుకోవాలి. ఈశాన్య రుతుపవనాల వల్ల ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కుండపోత వానలు పడే అవకాశం ఉంది. 2021 నవంబరు వరదలు ఇంకా ఎవరికీ మరుపునకు రాలేదు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, రథసప్తమి రోజుల్లో గదులు దొరకవు, వాహనాల అద్దెలు పెరుగుతాయి, పోలీసు బందోబస్తు అంతా అటే ఉంటుంది. మే నెలలో వేడి సంగతి అటుంచి, ఏడు దాటితే గానీ ప్రొజెక్టరుకు సరిపడా చీకటి పడదు. పండుగల తేదీలు తప్పించుకుంటే జనవరి, ఫిబ్రవరి మాసాలే అనుకూలం. ఆరు గంటలకు అటూ ఇటూగా పొద్దు గూకుతుంది, ఆరున్నర, ఆరుముప్పావుకు తెర వెలుగు నిలుస్తుంది, పది లోపు ముగించడానికి మూడు గంటల పైన సమయం దొరుకుతుంది.

పది అన్నది ఎందుకంటే, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు వాడకూడదు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలుంది కాబట్టి కళాశాల ఆవరణను ఎంచుకున్నా మైకు అనుమతి తేలిగ్గా వస్తుందని అనుకోరాదు.

వేదికగా ఆడిటోరియం అయితే తిరుపతిలో మహతి, అన్నమాచార్య కళామందిరం, చిత్తూరులో నాగయ్య కళాక్షేత్రం అందరికీ తెలిసినవే. మొదటి రెండూ దేవస్థానానివి గనుక కార్యక్రమం స్వభావాన్ని దరఖాస్తులోనే స్పష్టంగా రాయాలి. నా మొగ్గు మాత్రం ఆడిటోరియం వైపు లేదు. వరుస కుర్చీల్లో కూర్చున్న ప్రేక్షకుడు లేచి స్పీకరు కిందికి నడవడు, బొమ్మల వెనక్కి వెళ్లడు. పాత మిల్లు, వాడకంలో లేని గోదాము, సెలవుల్లో ఖాళీగా ఉన్న హాస్టలు, పెద్ద వరండాలున్న పాఠశాల ఇలాంటి పనికి ఎక్కువ అనువైనవి. చంద్రగిరి కోట చూడగానే ప్రతివారికీ అక్కడ రాజమహల్ గోడ మీద బొమ్మలు వేయాలనిపిస్తుంది. అది పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం. ముందస్తు అనుమతి లేకుండా అక్కడ కార్యక్రమం చేయడానికి గానీ, ఒక్క మేకు కొట్టడానికి గానీ వీలు లేదు. ఆ అనుమతికి పట్టే సమయం చిన్న ఉత్సవానికి ఉండదు. గుడి గోడల జోలికి, కొండ జోలికి వెళ్లకపోవడం మంచిది. తిరుమలలో డ్రోన్లు నిషిద్ధం. రేణిగుంట విమానాశ్రయం దగ్గరలోనే ఉన్నందున దిగువన ఎగరేయదలచినా డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై పటంలో ఆ చోటు ఏ రంగు మండలంలో ఉందో చూసుకోవాలి.

వెలుగు లెక్క

అద్దెకిచ్చేవారు ప్రొజెక్టరు శక్తిని ల్యూమెన్లలో చెబుతారు. ఆ అంకెను బొమ్మ వైశాల్యంతో భాగిస్తే చదరపు మీటరుకు ఎంత వెలుగు పడుతుందో తెలుస్తుంది. ఐదు వేల ల్యూమెన్ల యంత్రంతో నాలుగు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు బొమ్మ వేస్తే వైశాల్యం పది చదరపు మీటర్లు, చదరపు మీటరుకు ఐదు వందల ల్యూమెన్లు, అంటే ఐదు వందల లక్స్ దక్కుతుంది. చీకటి గదిలో అది ధారాళం. అదే యంత్రాన్ని ఇరవై మీటర్ల వెడల్పు, పది మీటర్ల ఎత్తు గోడ మీదికి తిప్పితే మిగిలేది ఇరవై ఐదు లక్స్. వీధి దీపం వెలుగే ఇంచుమించు అంత ఉంటుంది కాబట్టి గోడ మీద ఏదో కదులుతున్నదని తప్ప ఏం కదులుతున్నదో తెలియదు. అలాంటి గోడకు ఇరవై వేల ల్యూమెన్ల స్థాయి యంత్రం కావాలి, వీధి దీపాలు ఆర్పించాలి, గోడకు లేత రంగు ఉండాలి. నల్లరాతి గోడ వెలుగును మింగేస్తుంది. ఆ స్థాయి యంత్రాలు చెన్నై నుంచో బెంగళూరు నుంచో ఆపరేటరుతో సహా రావాలి, అద్దెతో పాటు లారీ, బస ఖర్చులు కలుస్తాయి. మొదటి ఉత్సవానికి పెద్ద గోడ వద్దని నా సలహా.

యంత్రాన్ని ఎంత దూరాన పెట్టాలో కూడా లెక్కే చెబుతుంది. లెన్సు త్రో నిష్పత్తిని, అంటే దూరానికీ బొమ్మ వెడల్పుకూ ఉండే నిష్పత్తిని, బొమ్మ వెడల్పుతో గుణించాలి. నిష్పత్తి ఒకటిన్నర, వెడల్పు నాలుగు మీటర్లు అయితే ఆరు మీటర్ల దూరం కావాలి. ఆ ఆరు మీటర్లలో ప్రేక్షకులు నడిచే దారి ఉంటే నీడలు పడతాయి. అప్పుడు నిష్పత్తి తక్కువగా ఉండే షార్ట్ త్రో యంత్రం, లేదా వెనుక నుంచి వెలుగు పడే తెర వాడాలి.

ఎల్‌ఈడీ గోడలు, సౌండ్ సిస్టమ్‌లు, జనరేటర్లు, వీడియో మిక్సర్లు పెళ్లిళ్ల పుణ్యమా అని తిరుపతిలో కావలసినన్ని అద్దెకు దొరుకుతాయి. పెళ్లి లైవ్‌లు చేసే కుర్రవాళ్లు పొగలో, తోపులాటలో, అక్షింతల వానలో కెమెరా ఆపకుండా పని చేసినవారు. వారికున్న చురుకుదనం పెద్ద నగరాల సాంకేతిక బృందాల్లో కూడా అన్నివేళలా కనబడదు. అయితే పెళ్లి వీడియో అలవాటుతో తెర మీద పూలు రాల్చకుండా, ప్రతి మూడు సెకన్లకూ కెమెరా మార్చకుండా ముందే కూర్చోబెట్టి మాట్లాడాలి. ఎల్‌ఈడీ గోడ తీసుకుంటే ‘పీ3’, ‘పీ4’ అని చెప్పే అంకె చుక్కల మధ్య మిల్లీమీటర్ల దూరం. దగ్గర్లోని ప్రేక్షకుడు కనీసం అన్ని మీటర్ల దూరాన ఉండాలన్నది స్థూలమైన లెక్క. చిన్న గదిలో పీ6 గోడ పెడితే కనిపించేవి చుక్కలే.

కెమెరాతో తీసేటప్పుడు షట్టరును సెకనులో యాభయ్యో వంతుకు పెట్టాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దానికి పొసగని వేగం పెడితే కొన్ని దీపాల కింద బొమ్మలో అడ్డచారలు పాకుతాయి. ప్రొజెక్టరు బొమ్మను మళ్లీ కెమెరాతో తీస్తే రంగులు చెదురుతాయి గనుక లైవ్‌లోకి ఆ బొమ్మను కంప్యూటరు నుంచి నేరుగా కేబులు ద్వారా పంపాలి.

కరెంటు, నెట్

ప్రతి పరికరం ఎన్ని వాట్లు తింటుందో కాగితం మీద రాసి కూడాలి. ఇరవై ఐదు కేవీఏ జనరేటరు అంటే ఇరవై కిలోవాట్లే, దాని మీద పదిహేనుకు మించి భారం వేయకపోవడం క్షేమం. సౌండ్‌ను ఒక ఫేజ్ మీద, రంగు దీపాలను మరో ఫేజ్ మీద పెట్టకపోతే స్పీకర్లలో ఆగని గీ శబ్దం రావచ్చు. కరెంటు పోయి జనరేటరు అందుకునే లోపు కంప్యూటర్లు, రౌటరు ఆరిపోకుండా యూపీఎస్ తప్పదు. ప్రొజెక్టర్లను కూడా వీలైతే దాని మీదే ఉంచాలి, ఎందుకంటే కొన్ని యంత్రాలు ఆరిపోతే చల్లబడి మళ్లీ వెలగడానికి నిమిషాలు పడుతుంది. ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్ చేత మీటరు పెట్టి చూపించుకోవాలి, నోటి మాట సరిపోదు.

నెట్ విషయంలో చూడవలసింది అప్‌లోడ్ వేగం. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) లైవ్‌కు ఐదు ఆరు ఎంబీపీఎస్ కావాలి, అందుబాటులో దానికి రెట్టింపు ఉండాలి. ఆరు ఎంబీపీఎస్ చొప్పున రెండు గంటలు పంపితే ఐదు జీబీ పైన ఖర్చవుతుంది కాబట్టి మొబైల్ డేటాను అత్యవసరానికి ఉంచుకునేవారు ముందే రీచార్జి చూసుకోవాలి. ఖాళీ మైదానంలో మధ్యాహ్నం పరీక్షించిన మొబైల్ నెట్ సాయంత్రం ఐదు వందల ఫోన్లు చేరాక అలాగే ఉంటుందని నమ్మరాదు, ఫైబర్ కేబులు ఒకటి వేయించుకోవాలి. యూట్యూబ్ చానెల్‌లో లైవ్ సౌకర్యం మొదటిసారి తెరుచుకోవడానికి ఇరవై నాలుగు గంటల దాకా పట్టవచ్చు, ఆ మీట ముందటి వారమే నొక్కి ఉంచాలి. లైవ్ వెళుతున్నా వెళ్లకున్నా కంప్యూటరులో విడిగా రికార్డు అవుతూ ఉండాలి. శబ్దాన్ని మిక్సరు నుంచి నేరుగా తీసుకుని, దానికి ప్రేక్షకుల వైపు పెట్టిన ఒక మైకును తక్కువ స్థాయిలో కలిపితే ఇంట్లో వినేవారికి చప్పట్లు, నవ్వులు కూడా అందుతాయి.

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) కళ్లద్దాల కృతి పెట్టాలనుకునేవారు ఒక్క గుణకారం చేసుకోవాలి. ఎనిమిది నిమిషాల కృతి, తొడగడానికి, తుడవడానికి నాలుగు నిమిషాలు అనుకుంటే ఒక పరికరం మీద గంటకు ఐదుగురే చూస్తారు. నాలుగు పరికరాలతో మూడు గంటలకు అరవై మంది. మిగిలినవారంతా వరుసలో నిలబడి విసుక్కుంటారు. పేర్లు రాసుకుని సమయం చీటీలు ఇవ్వడం ఒక మార్గం, అసలు పెట్టకపోవడం మరొకటి.

హక్కులు, పారితోషికం

అన్నమాచార్యుడి సాహిత్యం ఐదు వందల ఏళ్లు దాటినది, దానికి హక్కుల అడ్డు లేదు. కానీ ఆ కీర్తనలకు గత శతాబ్దంలో కట్టిన బాణీలకు, వాటి రికార్డింగులకు హక్కుదారులు ఉండవచ్చు. ఈ తేడా తెలియక లైవ్ మధ్యలో ప్రసారం ఆగిపోయే ప్రమాదం ఉంది. సినిమా పాటలైతే యూట్యూబ్ యంత్రమే గుర్తుపట్టి ఆపుతుంది, హాలులో వినిపించడానికి తీసుకున్న లైసెన్సు ఆన్‌లైన్‌కు వర్తించదు. కొత్తగా స్వరపరచిన సంగీతమే అన్ని విధాలా శ్రేయస్కరం.

కళాకారుడికి తన ప్రదర్శన మీద కాపీరైటు చట్టం హక్కు ఇచ్చింది. వేదిక మీద ఆడటానికి, లైవ్‌లో పంపడానికి, రికార్డింగును తరువాత ఉంచడానికి అంగీకారం మూడు వేర్వేరు వాక్యాలుగా తెలుగులో రాయించి, చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. మూడింటికీ విడివిడిగా మొత్తం చెప్పాలి. తోలుబొమ్మలాట బృందానికి ఒక రాత్రి ఆటకిచ్చే డబ్బే ఇచ్చి ఆ వీడియోను ఏళ్ల తరబడి చానెల్‌లో ఉంచుకోవడం అన్యాయం. బడ్జెట్ కాగితంలో మొదటి పంక్తి కళాకారుల పారితోషికం కావాలి, మొత్తంలో మూడో వంతుకు తగ్గకూడదు. సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు. ఎల్‌ఈడీ గోడకు అడ్వాన్సు ముందే వెళుతుంది, కళాకారుడికి శాలువా మిగులుతుంది.

పోలీసు శాఖ, నగరపాలక సంస్థ, అగ్నిమాపక శాఖల అనుమతులకు, విద్యుత్ సంస్థ తాత్కాలిక కనెక్షన్‌కు రెండు నెలల ముందే దరఖాస్తులు పెట్టాలి. వేగంగా మిణుకుమనే దీపాలున్న కృతి ముందు మూర్ఛ వ్యాధి ఉన్నవారికి హెచ్చరిక బోర్డు ఉంచాలి. సెకనుకు మూడు మెరుపులకు మించకుండా కృతిని మలచుకుంటే ప్రమాదం బాగా తగ్గుతుంది. చక్రాల కుర్చీ కోసం వేసే వాలు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి, అంతకన్నా నిటారుగా వేసిన పలక ఫొటోలకే పనికొస్తుంది. కెమెరాలు తిరుగుతున్నాయని గుమ్మం దగ్గరే రాసి పెట్టి, వీడియోలో కనిపించకూడదనుకునేవారికి వేరే కూర్చునే చోటు చూపించాలి.

రిహార్సల్

ముందటి రాత్రి అదే వేళకు, అదే చీకటిలో, అన్ని పరికరాలూ ఒకేసారి నడిపి రిహార్సల్ చేయాలి. పగటిపూట చేసిన రిహార్సల్ వెలుగు గురించి ఏమీ చెప్పదు. ఆ రాత్రి కావాలని ఒకసారి మెయిన్ ఆపి, ఒకసారి నెట్ కేబులు పీకి, ఎవరు ఎటు పరుగెత్తుతారో చూడాలి. ఏ యంత్రం ఆగితే వేదిక మీదివారు ఏం చేయాలో ముందే తేల్చుకోవాలి. కలంకారీ చిత్రకారుడు తెర ఆరినా గీస్తూనే ఉండవచ్చు, అప్పుడు నలుగురైదుగురిని బల్ల దగ్గరికి పిలవవచ్చు. 1966 నాటి న్యూయార్క్ ప్రదర్శనల మీద వచ్చిన ఫిర్యాదుల్లో ముఖ్యమైనది కృతుల మధ్య సాంకేతిక ఏర్పాట్లకు పట్టిన సుదీర్ఘమైన ఎదురుచూపులే. బెల్ ఇంజినీర్లకే తప్పని ఆ ఖాళీ మనకూ తప్పదు కాబట్టి, ఒక హరికథా భాగవతార్‌నో డప్పు కళాకారులనో పది నిమిషాల భాగాలతో సిద్ధంగా ఉంచుకోవడం తెలివైన పని. వారికి మైకు లేకపోయినా నడుస్తుంది.

ప్రదర్శన నడుస్తుండగా నిర్ణయాలు తీసుకునేవాడు ఒక్కడే ఉండాలి. అతడు కుర్చీలు సర్దడం, అతిథులను ఆహ్వానించడం లాంటి పనుల్లో ఉండకూడదు. అతిథుల ప్రసంగాలు ఉంటే వెలుగు ఉన్నప్పుడే, పొద్దు గూకక ముందే ముగించాలి. చీకటి పడ్డాక ప్రతి నిమిషమూ కృతులకే కావాలి.

ఉత్సవం ముగిశాక

ప్రతి కళాకారుడికీ తన ప్రదర్శన పూర్తి రికార్డింగును అప్పటికప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి, లింకు పంపుతామన్న మాటతో సరిపెట్టరాదు. అసలు ఫైళ్లను రెండు హార్డ్ డిస్కుల్లో తీసి రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచాలి. డిజిటల్ కృతులకు మరో చిక్కు ఉంది. ఏ సాఫ్ట్‌వేరు ఏ వెర్షన్‌లో నడిచింది, కెమెరా ఎంత ఎత్తున ఉంది, ఏ లెన్సు, ఏ మైకు, ఏ అమరిక అన్న వివరాలు రాసి పెట్టకపోతే రెండేళ్ల తరువాత అదే కృతిని మళ్లీ నిలబెట్టడం చేసినవారికే సాధ్యం కాదు. బల్ల, దీపాలు, కేబుళ్ల అమరికను విప్పకముందే ఫొటోలు తీసి, చేత్తో ఒక పటం గీసి ఫైళ్లతో పాటు ఉంచాలి. యూట్యూబ్‌లో ఎందరు చూశారన్న అంకె కన్నా ఒక్కొక్కరు సగటున ఎన్ని నిమిషాలు నిలిచారన్న అంకె మీద, ఏ నిమిషంలో ఎక్కువమంది వెళ్లిపోయారన్న గీత మీద బృందమంతా కూర్చుని మాట్లాడాలి. ఈ పనులన్నీ ఉత్సవం తరువాతి వారంలోనే జరగాలి గనుక, వాటికి ఒక మనిషిని, అతడికిచ్చే మొత్తాన్ని బడ్జెట్‌లో మొదటే రాసి ఉంచాలి.